సూది పట్టిన చేతికి చదువు ఎక్కడిది? ఆక్యుపంక్చర్ వైద్యుని శిక్షణను పరిశీలించుకునేందుకు కర్నూలు వాసులకు ఒక మార్గదర్శి

మా అమ్మకు అరవై దాటిన తరువాత మోకాళ్లు పట్టేశాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కీళ్లు అరిగాయని చెప్పి మాత్రలు రాసి ఇచ్చారు. వేసుకున్నన్నాళ్లు నెమ్మది, మానేస్తే మళ్లీ మామూలే. అలాంటి సమయంలో వీధిలో ఎవరో చెప్పగా విని, "సూదులేస్తే నొప్పి పోతాదంట, పోదాం పా నాయనా" అని ఆమె పట్టుబట్టింది. ఆమెను ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి నేను నెల రోజులు తిరిగాను. బోర్డులన్నిటి మీదా ఆక్యుపంక్చర్ అనే ఒకే మాట ఉంది. లోపల కూర్చున్నవారిలో ఒకరు ఎంబీబీఎస్ చదివి, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడు, ఒకరు ప్రకృతి వైద్య పట్టభద్రురాలు, ఒకరు ఫిజియోథెరపిస్టు, మరొకరు ఆరు నెలల డిప్లొమా చేసిన విశ్రాంత ఉద్యోగి. ఈ నలుగురి చదువుల మధ్య ఉన్న దూరం నాకు అప్పటిదాకా తెలియదు. ఆ దూరాన్ని కొలుచుకునే పద్ధతిని ఇక్కడ మెట్లుగా రాస్తున్నాను. ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా లేదా అన్న వాదన వేరు. దాని జోలికి అవసరమైనంతమేరకే వెళతాను.

మొదటి మెట్టు: జబ్బు పేరు చేతిలో ఉంచుకుని బయలుదేరండి

ఆక్యుపంక్చర్ కేంద్రానికి వెళ్లేలోపే రోగ నిర్ధారణ పూర్తి కావాలి. నడుము నొప్పి అన్నది జబ్బు పేరు కాదు, ఒక లక్షణం మాత్రమే. బేతంచెర్ల వైపు నాపరాళ్లు మోసే కూలీకి వచ్చే నడుము నొప్పికి, వెన్నెముకలో క్షయ సోకినవారి నడుము నొప్పికి, మూత్రపిండంలో రాయి ఉన్నవారి నడుము నొప్పికి పైకి కనిపించే తేడా తక్కువే. అనంతపురం జిల్లాలో తాగునీటి ఫ్లోరైడు వల్ల కీళ్లు బిగుసుకుపోయినవారికి సూదులతో కొంత ఉపశమనం దొరికినా నీరు మారకపోతే మూలం అలాగే ఉంటుంది. వైద్యపరమైన పరీక్షలు చదవడం నేర్వని వ్యక్తి చేతికి నిర్ధారణ బాధ్యత అప్పగించకుండా ఉండాలంటే ఆ పని ముందే జరగాలి. పాత ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు ఒక సంచిలో పెట్టుకోండి. వాటిని చూడటానికి ఇష్టపడని వైద్యుని దగ్గర మీకు పని లేదు.

రెండో మెట్టు: చట్టం ఏమంటుందో తెలుసుకోండి

చైనాలో వేల ఏళ్లుగా ఉన్న ఈ విద్య మన దేశానికి వచ్చిన కథలో ఒక వైద్య బృందం ఉంది. జపాను దాడిలో చితికిపోయిన చైనాకు సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ద్వారకానాథ్ కోట్నిస్ పేరు అందరికీ తెలిసిందే. ఆయన 1942లో అక్కడే మరణించారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి, కలకత్తాలో వైద్యం చేస్తూ ఇతరులకు నేర్పారు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి ప్రత్యేక చట్టం చేయడం వెనుక ఆ వారసత్వం ఉంది. మహారాష్ట్ర 2015లో చట్టం చేసి, ఆక్యుపంక్చర్ మండలిని ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి ప్రత్యేక మండలి లేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా అంగీకరిస్తూ, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ దానిని చేయవచ్చునని పేర్కొంది. 2019లో దానికి స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తింపు లభించింది. చిక్కంతా 'తగిన శిక్షణ' అన్న రెండు మాటల్లో ఉంది. ఎంత ఉంటే తగినదో కొలిచి చెప్పే మండలి మన రాష్ట్రంలో లేనప్పుడు ఆ కొలత వేసుకోవలసింది రోగి ఇంటివాళ్లే.

ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఇంకొకటి ఉంది. చట్టం భాషలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే వైద్య మండలిలో పేరు నమోదైన పట్టభద్రుడు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరు అంటే దాదాపు దానికి పూర్తి వ్యతిరేకం: ఏ మండలిలోనూ నమోదు కాకుండా, ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి, సూదిమందు వేయడం నేర్చుకున్న ఊరి వైద్యుడు. "ఆయన ఆర్‌ఎంపీ, చట్టం ఒప్పుకుంటుంది" అని ఎవరైనా అంటే అది ఏ అర్థంలో అన్నారో అడగండి.

మూడో మెట్టు: ఏ వాకిలి గుండా వచ్చారో గుర్తించండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు కాబట్టి నిదానంగా చెప్పుకుందాం. ఆక్యుపంక్చర్ చేసేవారు మన దగ్గర ప్రధానంగా అయిదారు వాకిళ్ల గుండా వస్తారు. ప్రతి దానికీ ఒక బలం, ఒక లోటు ఉన్నాయి.

మొదటిది ఎంబీబీఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక మత్తు వైద్యంలోనో, ఫిజికల్ మెడిసిన్‌లోనో పీజీ చేసి, నొప్పి చికిత్సలో భాగంగా ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవారు వీరు. శరీర నిర్మాణం, మందులు, ప్రమాద సూచనలు వీరికి బాగా తెలుసు. అయితే ఎంబీబీఎస్‌లో ఆక్యుపంక్చర్ పాఠం లేదు. నాలుగు ఆదివారాల వర్క్‌షాపుతో ప్రారంభించినవారూ ఉంటారు, ఏళ్ల తరబడి చేసినవారూ ఉంటారు. పేరు వెనుక ఎండీ ఉందన్న కారణంగా ఆక్యుపంక్చర్ కూడా అంతే చదివి ఉంటారని అనుకోవద్దు.

రెండోది బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా పట్టా. ఇదీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. మన దేశంలో డిగ్రీ పాఠ్యక్రమం లోపలే ఆక్యుపంక్చర్‌ను చదివించే కోర్సుగా దీనిని చెప్పుకోవాలి. శరీర నిర్మాణ శాస్త్రం, రోగ నిర్ధారణ కూడా ఇందులో ఉంటాయి. నా లెక్కలో మన ఊళ్లలో సామాన్యుడు వెతుక్కోదగిన మొదటి ఎంపిక ఇదే. కాకపోతే వీరిని, ప్రకృతి ఆశ్రమంలో పది రోజులు మట్టి పట్టీలు వేసి వచ్చి తామూ ప్రకృతి వైద్యులమేనని చెప్పుకునేవారిని కలిపేయకూడదు.

మూడోది ఆయుర్వేదం, హోమియోపతి. బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్ పట్టభద్రులు తరువాత విడిగా ఆక్యుపంక్చర్ నేర్చుకుంటారు. ఆయుర్వేదం చదివినవారికి ఒక సౌలభ్యం ఉంది. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోట్లను, అంటే బిందువులను, త్సున్ అనే మానంతో కొలుస్తారు. అది రోగి బొటనవేలి వెడల్పు. ఆయుర్వేదంలోనూ శరీరాన్ని ఆయా మనిషి సొంత వేలి అంగుళంతోనే కొలవాలని ఉంది కాబట్టి ఆ ఆలోచన వారికి కొత్త కాదు. సందర్భం వచ్చింది కనుక ఒక మాట: ఆక్యుపంక్చర్ అంతా మన మర్మ విద్యేనని, చైనావాళ్లు పట్టుకుపోయారని చెప్పేవారు తారసపడతారు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలు ప్రధానంగా దెబ్బ తగలకుండా కాపాడుకోవలసిన స్థానాలు. అక్కడ సూది గుచ్చమని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు.

నాలుగోది ఫిజియోథెరపీ. వీరిలో చాలామంది చేసేది డ్రై నీడ్లింగ్. సూది అదే గానీ, సిద్ధాంతం వేరు. కండరంలో గట్టిపడిన చోటును వేలితో వెతికి అక్కడ గుచ్చుతారు. శరీరంలో శక్తి ప్రవహిస్తుందని చైనా పద్ధతి చెప్పే మార్గాలు, వాటి మీది బిందువులు అందులో ఉండవు. మెడ పట్టేసినవారికి, భుజం నొప్పివారికి అది సరిపోవచ్చు. తలనొప్పికో, వాంతులకో ఆక్యుపంక్చర్ కావాలనుకున్నవారు మాత్రం తాము పొందుతున్నది ఏదో అడిగి తెలుసుకోవాలి.

అయిదోది, ముందు ఏ వైద్య విద్యా లేకుండా ఆక్యుపంక్చర్ డిప్లొమా మాత్రమే చేసినవారు. వీరిలో రెండేళ్లు గురువు పక్కన నిలబడి వేలమంది రోగులను చూసినవారు ఉన్నారు, తపాలాలో పట్టా తెప్పించుకున్నవారూ ఉన్నారు. వాకిలి ఒకటే కావడం వల్ల ఇక్కడ మనిషిని బట్టి నిర్ణయించుకోవలసిందే.

చివరిగా శిబిరాల్లో నేర్చుకున్నవారు. కర్నూలు, కడప కల్యాణ మంటపాల్లో రెండు రోజుల సుజోక్ శిబిరాలు జరగడం, అరచేతిలో మెంతి గింజలు అంటించుకోవడం చాలామంది చూసే ఉంటారు. సుజోక్ కొరియా నుంచి వచ్చిన పద్ధతి. చేతిని, పాదాన్ని శరీరమంతటికీ ప్రతిబింబంగా భావిస్తారు. ఆక్యుప్రెషర్ వేలితో నొక్కేది. ఇవి ఇంట్లో చేసుకున్నా పెద్ద హాని ఉండదు. వీటిని నేర్చుకుని సూది చేతపట్టినవారితోనే జాగ్రత్త. పుత్తూరు కట్టు కట్టేవారి ఇంట్లో పుట్టి పెరిగినవారికి ఎముక మీద చెయ్యి వేయడం తరాల సాధనతో అబ్బింది. సూది మన దగ్గర ఏ వంశానికీ అలా అబ్బలేదు. అది నేర్చుకుంటేనే వస్తుంది.

నాలుగో మెట్టు: గంటలు అడగండి, అక్షరాలు కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఆక్యుపంక్చర్ ప్రాథమిక శిక్షణ, భద్రతల మీద మార్గదర్శకాలు వెలువరించింది. ముందు వైద్య విద్య లేనివారికి పూర్తి శిక్షణ 2,500 గంటలు ఉండాలని, అందులో కనీసం 1,000 గంటలు రోగుల మధ్య, ఆచరణలో గడవాలని అందులో ఉంది. వైద్య పట్టభద్రులు పూర్తి స్థాయి ఆక్యుపంక్చర్ వైద్యులు కావాలంటే 1,500 గంటలు; తమ వైద్యంలో ఒక సహాయక పద్ధతిగా మాత్రమే వాడుకోదలచిన వైద్యులకు కనీసం 200 గంటలు. మన దేశంలో ఇవి చట్టం కావు గానీ, చేతిలో గజం బద్ద లేనప్పుడు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం నాలుగు గంటలు నడిచే డిప్లొమాను లెక్క వేయండి: 26 వారాలు, 104 గంటలు. డాక్టర్లకు చెప్పిన కనీసంలో అది సగం.

ఇతర దేశాల తీరు కూడా తెలిసి ఉండటం మంచిది. చైనాలో ఆక్యుపంక్చర్ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల పట్టా. జపానులో మూడేళ్ల పాఠశాల, ఆ తరువాత జాతీయ పరీక్ష. అక్కడ చూపు లేనివారు ఈ వృత్తిలో ఉండటం 17వ శతాబ్దం నాటి సుగియామా వాయిచి నుంచి వస్తున్న సంప్రదాయం. సన్నని గొట్టం గుండా సూదిని సునాయాసంగా దించే పద్ధతి ఆ అంధ వైద్యుని పేరుతోనే ప్రసిద్ధి. నేడు మన ఊళ్లో విడి ప్యాకెట్లో సూదితో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం దానికి వారసురాలే. ఎవరైనా "చైనాలో చదివాను" అంటే పొంగిపోకండి. బీజింగ్, షాంఘై, నాన్‌జింగ్ నగరాల్లో విదేశీయుల కోసం మూడు నెలల కోర్సులు చాలాకాలంగా నడుస్తున్నాయి. అయిదేళ్లు చదివారా, మూడు నెలలా అన్నదే అడగవలసిన ప్రశ్న.

అయిదో మెట్టు: గోడ మీది కాగితాలు చదవండి

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకు, వాటితో సమానంగా గుర్తింపు పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. పేరు తరువాత "ఎండీ" అని రాసి, పక్కన బ్రాకెట్లో "ఆక్యు" అనో "ఏఎం" అనో చిన్న అక్షరాలు ఉంటే, దానిని ఇచ్చింది విశ్వవిద్యాలయమా, సొసైటీయా అని చూడండి. సొసైటీల చట్టం కింద నమోదు కావడానికి వైద్యం తెలిసి ఉండనక్కరలేదు. భజన మండలి కూడా అదే చట్టం కింద నమోదవుతుంది. ఐఎస్‌ఓ 9001 అన్నది నిర్వహణ పద్ధతికి ఇచ్చే ధ్రువపత్రం, చదువుకు కాదు. నీతి ఆయోగ్ దర్పణ్ నమోదు స్వచ్ఛంద సంస్థల జాబితా, ఉద్యమ్ నమోదు చిన్న పరిశ్రమలది. ఈ మూడింటినీ కేంద్ర ప్రభుత్వ ముద్రతో చట్రం కట్టి వేలాడదీసిన గోడలు నేను చూశాను.

ఎంబీబీఎస్ అని చెప్పుకున్నవారి పేరు జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టరులో వెతికితే దొరకాలి. బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అడగడంలో తప్పు లేదు. ఒక పద్ధతిలో చదివి, దానికి సంబంధం లేని పద్ధతిలో మందులు రాసేవారి గురించి సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో స్పష్టంగా చెప్పింది: హోమియో వైద్యుడు అల్లోపతి మందులు ఇవ్వడమే నిర్లక్ష్యం కిందికి వస్తుంది. ఆక్యుపంక్చర్ డిప్లొమా మాత్రమే ఉన్న వ్యక్తి నొప్పి ఇంజెక్షన్ కూడా వేస్తానంటే ఈ తీర్పు గుర్తుంచుకోండి.

ఆరో మెట్టు: అడగవలసినవి మర్యాదగా అడగండి

డాక్టరును ప్రశ్నించడం మనకు అలవాటు లేదు. "సార్" అన్న తరువాత నోరు పెగలదు. నేను చివరికి ఒక పద్ధతి పట్టాను. చదువు గురించి సూటిగా అడగకుండా, అమ్మ సంగతి చెప్పి అక్కడి నుంచి మొదలుపెట్టేవాణ్ణి: "మా అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి సార్. గుండెకు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. ఇలాంటివాళ్లకు మీరు ఇంతకుముందు చేశారా? ఈ వైద్యం మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" మనస్ఫూర్తిగా నేర్చుకున్నవారికి గురువు పేరు చెప్పడం సంతోషమే. ప్రశ్నకు ముఖం చిట్లించినవారి దగ్గర నుంచి నేను లేచి వచ్చేశాను.

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ బయటపెట్టిన ప్రశ్న ఒకటుంది: "మీరు ఎవరికి సూది వేయరు సార్?" సరైన శిక్షణ ఉన్నవారు వెంటనే నాలుగైదు చెబుతారు. గర్భవతికి పొత్తికడుపు మీద, చీలమండ పైన ఉండే కొన్ని బిందువుల దగ్గర వేయకూడదు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారి విషయంలో ఆలోచించాలి. క్యాన్సరు గడ్డ మీద గుచ్చకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకు కరెంటు పెట్టకూడదు. ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికే పంపాలి. నేను మొదట్లో చెప్పిన ఫిజియోథెరపిస్టు అమ్మ మాత్రల స్ట్రిప్పు చూసి, "ముందు మీ గుండె డాక్టరును అడిగి రండి, అంతవరకు నేను సూది ముట్టుకోను" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన చదువు మీద గురి కుదిరింది. అదే ఊళ్లో పేరుకు ముందు డాక్టర్ అని రాసుకున్న మరొకాయన, సూదులు మొదలుపెట్టాక షుగరు మాత్రలు మానేయవచ్చని చెప్పి పంపాడు. అమ్మ వారం రోజులు మాకు తెలియకుండా మానేసింది. పరీక్ష చేయించేసరికి షుగరు మూడు వందలు దాటింది.

ఏడో మెట్టు: మొదటి రోజు చేతులు గమనించండి

ఇక్కడ చెప్పవలసినది కొంచెమే గానీ తప్పక చూడాలి. సూది మీ కళ్లముందే సీలు వేసిన ప్యాకెట్లోంచి రావాలి, ఒకసారి వాడి పారేసేది కావాలి. సాధారణంగా అది పావు మిల్లీమీటరు మందం. రక్తం తీసే సూది మందంలో మూడో వంతు కూడా ఉండదు. మరగబెట్టి మళ్లీ వాడతామంటే హెపటైటిస్ బి భయం ఉంది. తీసిన సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో పడాలి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు పదునైన వ్యర్థాలకు అదే చెబుతాయి, చిన్న క్లినిక్కులకు కూడా. వేసినవి ఎన్ని, తీసినవి ఎన్ని అని లెక్కపెట్టుకునే అలవాటు ఉందేమో చూడండి. ముందు చేతులు కడుక్కోవడం, మొదటిసారి రోగిని పడుకోబెట్టడం కూడా శిక్షణకు గుర్తులే. కూర్చున్న మనిషి భయానికి సొమ్మసిల్లి పడిపోవచ్చు.

సూది దిగిన చోట బరువుగానో, లాగినట్టుగానో, తిమ్మిరిగానో అనిపించడం మామూలే. మంటలాగా, విద్యుత్తు తగిలినట్టుగా చురుక్కుమంటే వెంటనే చెప్పండి. ఓర్చుకోమని అనేవారు నరం గురించి చదవలేదని అర్థం.

ఎనిమిదో మెట్టు: మాటలను, సిట్టింగులను లెక్కలో పెట్టండి

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1997లో ఏర్పాటు చేసిన నిపుణుల బృందం శస్త్రచికిత్స తరువాత, క్యాన్సరు మందుల తరువాత వచ్చే వాంతులకు, పళ్ల చికిత్స తరువాత నొప్పికి ఆక్యుపంక్చర్ పనికివస్తుందని తేల్చింది. ఆ తరువాతి అధ్యయనాలు దీర్ఘకాలిక నొప్పులకు, పార్శ్వపు నొప్పి రాకుండా చేయడానికి కొంత మేలు చూపాయి. పోలిక కోసం రోగికి తెలియకుండా వేసే ఉత్తుత్తి సూదులతో పోల్చినప్పుడు ఆ మేలు చాలాసార్లు చిన్నదిగానే కనిపించింది. మంచి శిక్షణ పొందినవారికి ఈ పరిధి తెలిసి ఉంటుంది. పక్షవాతం పూర్తిగా పోతుంది, పిల్లలు పుడతారు, కిడ్నీలు బాగవుతాయి అని ఒకే కరపత్రంలో రాసినవారికి తెలియదు.

ముప్పై సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోకండి. ఐదారు సిట్టింగుల తరువాత మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి తగ్గిందా లేదా అని మీరే ఒక కాగితం మీద రాసుకుని, ఏ తేడా లేకపోతే ఆపేయండి. మంచి వైద్యులు ఆ మాట ముందు తామే చెబుతారు.

వీపు పైభాగంలో, భుజం మీద, ఛాతీ మీద సూదులు వేయించుకున్న రోజు ఒక జాగ్రత్త అవసరం. అక్కడ కొన్ని చోట్ల ఊపిరితిత్తి చర్మానికి సెంటీమీటరు లోతులోనే ఉంటుంది. శరీర నిర్మాణం సరిగా చదవని చేతిలో సూది ఎక్కువగా దిగితే దానికి చిల్లు పడుతుంది. ఇది అరుదు. కానీ ఇంటికి వచ్చిన కొన్ని గంటలకో, మరుసటి రోజుకో ఊపిరి తీస్తుంటే ఒకపక్క పొడిచినట్టు నొప్పి, ఆయాసం, పొడి దగ్గు మొదలైతే సూదులు వేసినవారికి ఫోను చేస్తూ కూర్చోకండి. నేరుగా దగ్గరలోని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లి, మొట్టమొదటి మాటగా ఆరోజు ఒంటి మీద ఎక్కడెక్కడ సూదులు దిగాయో వేలు పెట్టి చూపించి చెప్పండి. అది చెప్పకపోతే డాక్టరు గుండె నొప్పేమోనని అటువైపు వెతకడం మొదలుపెడతాడు.